పప్పు ఉడికే వాడ

ఆ బుధవారం పొద్దున హనుమండ్లు అనుకున్న పని చాలా చిన్నది. మూడు బావుల నీళ్లు, మూడు సీసాలు, మూడు పిడికిళ్ల కందిపప్పు. మధ్యాహ్నానికల్లా పప్పు ఏ నీళ్లలో మెత్తగా ఉడికితే ఆ వాడలో ఇల్లు మాట్లాడుకోవడం, మూడు గంటల బస్సు దిగే భార్యాపిల్లలను నేరుగా ఆ ఇంటికి తీసుకుపోవడం. ఇందులో తప్పేముందో దేవుడికే తెలియాలి. కానీ ఆ రోజు దేవుడు మెట్‌పల్లి వైపు చూడలేదు.

హనుమండ్లు పశువుల దవాఖానలో కంపౌండర్. మంథని మనిషి. పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, వానలు మొదలైన వారమే మెట్‌పల్లికి బదిలీ అయి సోమవారం కొలువులో చేరాడు. బస్సులు ఆగే చోట ఉన్న చాంద్‌పాషా చాయ్ హోటల్ వెనుక గదిలో దిగి, రెండు సాయంత్రాలు ఊరంతా తిరిగి ఖాళీ ఇళ్లు మూడు గుర్తు పెట్టుకున్నాడు. అంగడి బజారులో ఒకటి, పాత దొరల గడి వెనుక ఒకటి, కొత్త వాడలో ఒకటి. మూడింటినీ బయటి నుంచే చూశాడు. ఇంటివాళ్లతో ఒకసారి మాట కలిపితే మొహమాటంతో ఏదో ఒకటి ఒప్పేసుకుంటానని అతనికి తన సంగతి తెలుసు. ముందు నీళ్లు తేలాలి, తరువాతే మాటలు.

నీళ్ల పట్టింపు అతనిది కాదు, భార్య బాలవ్వది. పెళ్లయిన కొత్తలో వాళ్లు కాపురం పెట్టిన పల్లెలో బావి నీళ్లు ఉప్పు తేలిన సౌడు నీళ్లు. పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు పొద్దుగూకినా గింజకు గింజ ఎడంగా గిన్నెలో గలగలలాడేది. చూడవచ్చిన అత్తగారు ఒక ముద్ద నమిలి, కోడలికి వంట రాదని చుట్టాలందరికీ చాటింది. మంథనిలో గోదావరి నీళ్లతో ఒక్క పొంగుకు పప్పు మెత్తబెట్టిన చేతికి అంత మాట పడింది. ఆ పల్లెలో రెండేళ్లు ఓర్చుకున్న బాలవ్వ ఈసారి బదిలీ కాగితం చూడగానే తేల్చి చెప్పింది.

"ఇగో, ఇల్లు కురిసినా సరే, గోడ కూలినా సరే. పప్పు ఉడకని వాడల ఇల్లు పట్టినవంటే మాత్రం నేను బస్సు దిగ. అదే బస్సుల మంథనికి మల్లుత. ఎవ్వర్ని అడిగినా మా బాయి నీళ్లు అమృతమనే అంటరు. అడుగకు. ఉడకబెట్టి చూడు."

పప్పు కూడా ఆమే ఇచ్చింది, ఒకే సంచిలోది, మూడు ముడులు కట్టి, తీర్పులో తేడా రాకుండా. బాలవ్వ మాట అంటే మాటే. బెదిరింపు అయితే మరీను.

సీసాల కోసం హనుమండ్లు ఎక్కడికీ పోనక్కరలేదు. దవాఖానలో ఎడ్ల మెడ పుండ్లకు పూసే మందు ఖాళీ సీసాలు మూడు అడిగి తెచ్చుకున్నాడు. కుంకుడు రసంతో మూడు నీళ్లు కడిగాడు. లోపల తళతళలాడాయి. పైన అంటించిన కాగితం మాత్రం ఎంత గోకినా రాలేదు. ఆ కాగితం మీద ఎర్ర సిరాతో ఒక పుర్రె, కింద రెండు ఎముకలు ఉన్నాయి. కడిగిన సీసాకు కాగితంతో ఏం పని అనుకుని, ఖాకీ అంగీ తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు.

అంగడి బజారు బావి దగ్గర నలుగురు ఆడవాళ్లు నీళ్లు చేదుతున్నారు. చేంతాడు పట్టుకున్నామె పోశవ్వ, ఆ బజారులో మాటకు ఎదురులేని మనిషి.

"అక్కా, జర గీ సీసల నీళ్లు పోయి," అన్నాడు హనుమండ్లు.

పోశవ్వ బొక్కెన వంచబోయి ఆగింది. సీసా మీది పుర్రెను చూసింది. ఖాకీ అంగీని చూసింది. మళ్లీ పుర్రెను చూసింది. "ఎందుకు సారూ?"

ఇక్కడ నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ సర్కారు కొలువు చేసే మగవాడు బావిగడ్డ మీద నిలబడి, పప్పు ఉడుకుతుందో లేదో చూడటానికి అని నలుగురు ఆడవాళ్ల ముందు చెప్పడం కంటే ఆ బావిలో దూకడం మర్యాద అని హనుమండ్ల నమ్మకం. గొంతు సవరించుకున్నాడు.

"పరీక్షకు," అన్నాడు.

"ఏం పరీక్ష?"

"అది సాయంత్రం దాక చెప్పరాదు."

అబద్ధం ఒక్కటీ ఆడలేదని తృప్తిపడుతూ సీసాకు బిరడా పెట్టుకుని వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా పోశవ్వ చూస్తూ నిలబడి, అప్పుడే నింపుకున్న రెండు బిందెలూ నేల మీద గుమ్మరించింది. ఇంటికి పోయి పొయ్యి మీది అంబలి పెంటకుప్పలో పోసింది. వానలు పడగానే వాంతులు, విరేచనాల గత్తర రావడం, గత్తర వస్తే ముందు సర్కారు వాళ్లు బావుల మీద పడటం ఆమె చిన్నప్పటి నుంచి చూసిందే. పుర్రె బొమ్మకు ఇంకో అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు. పైగా తెలిసిన సంగతిని కడుపులో దాచుకునే అలవాటు ఆమెకు లేదు.

హనుమండ్లు దారిలో దవాఖాన పని చూసుకుని, చాంద్‌పాషాకు తెలిసినవారితో నిలబడి మాట్లాడి, మధ్యాహ్నం దాటాక గడి వెనుకకు చేరేసరికి మాట అతనికంటే ముందు చేరింది. బావి చుట్టూ పాతికమంది ఉన్నారు. వాడ పెద్ద అంతయ్య తలపాగా సర్దుకుని ఎదురొచ్చి, రెండు చేతులూ జోడించాడు. కొలువులో చేరి తొమ్మిదేళ్లయినా హనుమండ్లుకు ఇంతటి దండం ఎవరూ పెట్టలేదు. ఈ ఊరివాళ్లు ఎంత మర్యాదస్తులో అనుకున్నాడు.

"మీరు సూడుండ్రి సారూ, మేం అడ్డమురాం," అన్నాడు అంతయ్య, తానే సీసా నింపి ఇస్తూ.

ఆ మర్యాదకు ఉబ్బి, నీళ్లు ఎంత రుచో చూద్దామని హనుమండ్లు ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ఉప్పు నాలుకకు తగిలింది. మింగీ మింగనట్టు చేసి, మిగిలింది పక్కకు ఉమ్మాడు. పాతికమందీ ఒక అడుగు వెనక్కు వేశారు.

"దాపెట్టకుండ్రి సారూ. మా బాయి సంగతేంది?"

"ఇప్పుడే ఏం చెప్పలేను పెద్దయ్యా. ఉడికిస్తే గని తెల్వది."

అంతయ్య వెనక్కి తిరిగాడు. "ఇన్నరా? ఉడికియ్యాలెనట."

హనుమండ్లు వీధి దాటేలోపే గడి వెనుక వాడలో ప్రతి పొయ్యీ అంటుకుంది. ఇంటింటా నీళ్లు మరుగుతున్నాయి. తడిసిన కట్టెల పొగకు వాడంతా దగ్గుతుంటే, దగ్గు కూడా మొదలైందని ఇంకొక మాట బయలుదేరింది. అదే సమయానికి మొండయ్య అనే పెద్దమనిషి కల్లు కాస్త ఎక్కువై అంగడి బజారు మధ్యలో అడ్డం పడ్డాడు. రోజూ పడేవాడే. రోజూ ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు మాత్రం ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అంతయ్య, చాటింపు వేసే కొమురెల్లిని పిలిపించాడు.

ఇవేవీ తెలియని హనుమండ్లు కొత్త వాడ చేరాడు. అక్కడ బావి దగ్గర ఒక్క పురుగు లేదు. బావి మీద ముళ్లకంప కప్పి ఉంది. అడిగేవాళ్లు లేనందుకు ప్రాణం హాయిగా అనిపించి, కంప పక్కకు జరిపి, తానే చేదుకుని మూడో సీసా నింపుకున్నాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయి. పప్పు ఉడికేది ఈ నీళ్లలోనే అని మనసు చెప్పింది. ఖాళీ ఇల్లు బావికి ఎదురుగానే ఉంది. పడుకోవడానికి రెండు అర్రలు, ముందు అరుగు, కురవని పెంకులు. ఇంటి యజమాని రామవ్వ పక్క వాకిట్లో నిలబడి మూట కడుతోంది.

"అవ్వా, ఇల్లు కిరాయికి ఇస్తరా?"

"ఇల్లా? బతికుంటే జూద్దాం బిడ్డా. ఊర్ల గత్తర జొచ్చింది, నీకు తెల్వదా? నేను ఇచ్చోడ ఊర్ల ఉన్న మా బిడ్డ దగ్గరికి పోతున్న."

హనుమండ్లు సంచి కింద పెట్టాడు. "గత్తరనా? ఎవరు చెప్పిండ్రు?"

"కరీంనగర్ సంది పెద్ద డాక్టర్ జీపుల వచ్చిండట. ఆరడుగుల మనిషట. అంగడి బజార్ల బాయిల విషమున్నదన్నడట. గడి వెనుకాల నీళ్లు నోట్లె పోసుకోని థూ అని ఉమ్మిండట. మొండయ్య ఆడికాడికే పడిపోయె. ఎంతమంది పోయిండ్రో ఏమో."

పాపం హనుమండ్లు అయిదడుగుల రెండంగుళాల మనిషి. జీపు ఎక్కి ఎరుగడు. ఆ డాక్టరు తానే అని అతనికి ఎట్లా తడుతుంది? అతనికి తట్టింది ఒక్కటే. గడి వెనుక బావి నీళ్లు అరగంట కింద తానూ నోట్లో పోసుకున్నాడు, సగం మింగాడు. కడుపులో గుడగుడమంది. పొద్దున చాంద్‌పాషా హోటల్లో తిన్న నాలుగు మిరపకాయ బజ్జీలు అతనికి గుర్తు రాలేదు. మూడు గంటల బస్సుకు బాలవ్వా ఇద్దరు పిల్లలూ ఈ గత్తర ఊళ్లో దిగుతారని గుర్తొచ్చి, సంచి చంకన పెట్టుకుని బస్సుల దగ్గరికి పరుగు తీశాడు.

ఖాకీ అంగీ వేసుకున్న మనిషి ఊరి నడిబొడ్డున ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తడం అంగడి బజారు చూసింది. చూసినవాళ్లు తలుపులు వేసుకుని, మూటలు తీసుకుని అతని వెనకాలే పరిగెత్తారు. సర్కారే పారిపోతుంటే తామెందుకు ఉండాలి అనుకోవడంలో వాళ్ల తప్పు లేదు.

చాంద్‌పాషా కొలిమి లాంటి భట్టీ ముందు కూర్చుని ఉన్నాడు. హనుమండ్లు రొప్పుతూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"చాంద్‌భాయ్, పరేషాన్‌ల పడ్డ. గత్తరట. బస్సును ఊరి బయటనే ఆపాలె. నా పిల్లలున్నరు అండ్ల."

"నేనూ విన్న, కంపౌండర్ సాబ్. సర్కారు మనిషి బాయిలు చూస్తుండట. ఖాకీ అంగీ అట. భుజాన సంచి అట. సంచిల సీసలట, సీస మీద పుర్రె..." చాంద్‌పాషా మాట అక్కడ ఆగింది. అతని చూపు హనుమండ్ల చంకలోకి పోయింది. సంచి అంచు మీద నుంచి ఒక పుర్రె ఇద్దరినీ చూస్తోంది.

హనుమండ్లు ఆ పుర్రెను అరచేత్తో మూశాడు.

"జీపు?" అన్నాడు హనుమండ్లు చివరి ఆశగా.

"జీపు సంగతి నాకు తెల్వది సాబ్. మిగిలిందంత మీ మీదనే ఉంది."

కడుపులో గుడగుడ టక్కున ఆగిపోయింది. దాని స్థానంలో సిగ్గు వచ్చింది. ముందు మెడ దగ్గర మొదలై, చెవులకు పాకి, నెత్తికెక్కింది. తొమ్మిదేళ్ల కొలువులో తప్పు మందు ఇచ్చాడన్న మాట పడలేదు. ఇప్పుడు పిడికెడు పప్పుతో ఊరిని ఖాళీ చేయించాడు. రేపు ఈ ఊళ్లో ఎవరు తన చేతికి బర్రెను అప్పజెబుతారు? వెనుక గదిలోకి పోయి తలుపు వేసుకుందామని లేచాడు కానీ అప్పటికే డప్పు వినిపిస్తోంది.

"ఇనుండ్రో ఇనుండ్రి. గవర్నమెంటు సారు జెప్పిండు. నీళ్లు కాగబెట్టుకోని తాగాలె. మొకాలు కడుక్కునేటోళ్లు గూడ కాగబెట్టాలె..."

కొమురెల్లి డప్పు వెనుక అంతయ్య, అంతయ్య వెనుక పోశవ్వ, ఆమె వెనుక మూడు వాడలూ ఉన్నాయి. బస్సు కోసం వచ్చినవాళ్లూ, సారు కోసం వచ్చినవాళ్లూ హోటల్ ముందు ఒక్కటయ్యారు. "ఇగో, గీయినే," అంది పోశవ్వ.

అంతయ్య ముందుకొచ్చాడు. "సారూ, ఉడికిస్తే తెలుస్తదంటిరి. ఊరంత ఉడికిచ్చింది. మాకేం తెల్వలే. మీరన్న చెప్పుండ్రి."

హనుమండ్లు ఆ ముఖాలు చూశాడు. భయపడ్డ ముఖాలు, పొగకు ఎర్రబడ్డ కళ్లు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు. నిజం చెప్పాలని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి పరువే ముందుగా బయటికి వచ్చింది.

"రిపోర్టు," అన్నాడు గంభీరంగా, "కరీంనగర్ పోవాలె. ఆడ పెద్ద సార్లు..."

అప్పుడే బస్సు వచ్చి ఆగింది. ముందుగా పెట్టె దిగింది, తరువాత ఇద్దరు పిల్లలు, ఆ వెనుక ఇసుర్రాయి పై బిళ్ల చంకన పెట్టుకుని బాలవ్వ. బస్సు మెట్టు మీదే నిలబడి జనాన్ని చూసింది. తన మొగుడి కోసం ఇంతమంది రావడం చూసి ఆశ్చర్యపడిందో లేదో కానీ, అసలు సంగతి మాత్రం మరిచిపోలేదు. ఇంకా కింద కాలు పెట్టలేదు.

"ఇగో," అని కేకేసింది, "పప్పు ఉడికిందా? మూడు బాయిల నీళ్లు సీసలల్ల తెమ్మంటి గద. ఏ బాయిల ఉడికింది? చెప్తెనే దిగుత."

కొమురెల్లి చేతిలో డప్పు పుల్ల ఆగిపోయింది. ఊరు ఊరంతా హనుమండ్ల వైపు తిరిగింది. భూమి చీలి అందులో పోతే బాగుండునని అతను అనుకున్నాడు. భూమి ఆ పని చేయలేదు. సంచిలోంచి మూడు సీసాలూ, జేబులోంచి మూడు పప్పు ముడులూ తీసి చాంద్‌పాషా బల్ల మీద పెట్టాడు.

"గత్తర లేదు," అన్నాడు తల ఎత్తకుండా. "కరీంనగర్ సంది ఎవ్వలు రాలే. నేను పశువుల దవాఖాన కంపౌండర్‌ను. పప్పు ఏ నీళ్లల్ల ఉడుకుతదో సూడవోయిన. చెప్ప సిగ్గయింది. తప్పు నాదే."

తిడతారని, కొడతారని కూడా అనుకున్నాడు. పోశవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"పొద్దటి సంది రెండు బిందెల నీళ్లు పారబోసిన. గంజెడు అంబలి పారబోసిన. ఇంటిల్లిపాది ఉపాసమున్నం. పప్పు కోసమా సారూ?"

"పప్పు కోసమే అక్కా."

"గా మాట నన్నడిగితే నేను జెప్పకపోదునా? మా బాయిల ఉడకది."

బాలవ్వకు సంగతి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇసుర్రాయి మొగుడి చేతుల్లో పెట్టి, బస్సు దిగి, నేరుగా పోశవ్వ దగ్గరికి పోయింది. పిల్లల కోసం మూట కట్టి తెచ్చిన జొన్నరొట్టెలు, ఉల్లికారం విప్పి ఆమె చేతిలో పెట్టింది. "తిను అక్కా. మా ఆయన పారబోపిచ్చిన అంబలికి ఇది సరిగాదు, అయినా తిను."

జనంలో మెల్లగా కదలిక వచ్చింది. అంతయ్య తలపాగా తీసి దులిపి మళ్లీ పెట్టుకున్నాడు. "అయ్యిందేదో అయ్యింది. ఇంతకు సారూ, ఏ బాయిల ఉడుకుతది?"

చిత్రమేమంటే ఆ సంగతి ఇప్పుడు అందరికీ కావాలి. తమ వాడ నీళ్లే మేలని ఏళ్ల తరబడి మూడు వాడలూ వాదించుకుంటున్నాయి కానీ పరీక్ష పెట్టిన మగవాడు ఇంతవరకు లేడు. చాంద్‌పాషా చాయ్ గిన్నెలు దింపి మూడు చిన్న గిన్నెలు ఎక్కించాడు. సాయంత్రందాకా ఊరు అక్కడే కూర్చుంది. అంగడి బజారు పప్పు గిన్నెలో గలగలలాడింది. గడి వెనుకది సగం ఉడికి సగం అలిగింది. కొత్త వాడ పప్పు గరిటె తగలగానే వెన్నలా అయింది. కొత్త వాడవాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

పొద్దుటి నుంచి మొదటిసారిగా హనుమండ్ల ముఖం కాస్త విచ్చుకుంది. "ఇంకేంది, రామవ్వ ఇల్లే," అన్నాడు భార్యతో.

"రామవ్వనా?" అన్నాడు కొమురెల్లి. "మీ మాట ఇనకుంటనే ఈమె వచ్చిన బస్సుల్నే ఎక్కిపాయె గద. తాళంచెవి కొంగున ఉన్నది. గత్తర తగ్గితే దీపావళికి వస్తనన్నది."

గత్తర లేదు కాబట్టి తగ్గే దారి కూడా లేదు. కొత్త వాడలో ఇంకో ఖాళీ ఇల్లు లేదు. గడి వెనుక ఇల్లు అంతయ్యదే. ఆయన మర్యాదగానే చెప్పాడు, తన బావి నీళ్లు ఊరందరి ముందు ఉమ్మిన మనిషికి తన ఇల్లు ఇవ్వలేనని. పొద్దు వాలుతోంది. చిన్నపిల్ల పెట్టె మీదే నిద్రపోయింది. పొద్దున చేతిలో మూడు ఇళ్లు ఉన్న మనిషికి ఇప్పుడు ఒక్కటీ లేదు.

అప్పుడు పోశవ్వ చేతులు దులుపుకుని లేచింది. ఆమె నోటినుంచి ఏం రాలుతుందోనని హనుమండ్లు బిగుసుకున్నాడు.

"అంగడి బజార్ల తాళమేసి ఉన్న రెండు అర్రలు నాయే. రాండ్రి. పసిపోరలను బజార్ల పండవెడుతరా? పప్పు ఉడకది, ముందే చెప్తున్న. మల్ల పుర్రె బొమ్మ పట్టుకోని నా ఇంట్లకెల్లి తిరుగుడు లేదు."

పొద్దున తన అంబలి పారబోసుకున్న ఇల్లే అడగకుండా తలుపు తెరిచింది. హనుమండ్లు ఇసుర్రాయి ఎత్తుకుని ఆమె వెనుక నడిచాడు. పప్పు ఉడకని వాడలో కాలు పెట్టనన్న బాలవ్వ అప్పటికే పోశవ్వతో మాటల్లో పడి నాలుగడుగులు ముందుంది.

రామవ్వ దీపావళికి తిరిగి వచ్చి, ఇల్లు ఇస్తానని కబురు పెట్టింది. హనుమండ్లు సంబరపడి భార్యకు చెప్పాడు. బాలవ్వ చాటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పోశవ్వక్కను ఇడిచిపెట్టి ఏడికి పోత? నీళ్లదేముంది, కావడి ఉన్నది గద."

కావడి ఉంది. దాన్ని మోసే భుజమూ ఉంది. మెట్‌పల్లిలో ఉన్న ఆరేళ్లూ, రోజూ పొద్దున దవాఖానకు పోయేముందు, ఖాకీ అంగీ మీద కావడి వేసుకుని హనుమండ్లు కొత్త వాడ బావి నుంచి రెండు బిందెల నీళ్లు తెచ్చాడు. ఒకటి తన ఇంటికి, ఒకటి పోశవ్వ ఇంటికి. బర్రెలను, ఎడ్లను ఊరు అతని దగ్గరికే తోలుకొచ్చింది, "గత్తర సారు చెయ్యి మంచిది" అంటూ. ఆ పేరు మాత్రం ఏ మందుకూ పోలేదు. కావడితో గడి వెనుక నుంచి వస్తుంటే అంతయ్య అరుగు మీద నుంచి రోజూ అదే అడిగేవాడు.

"ఏం సారూ, పరీక్షకా?"

మొదటి ఏడాది తల వంచుకుని పోయేవాడు. రెండో ఏడు నుంచి ఆగి, కావడి భుజం మార్చుకుని, నలుగురికీ వినపడేట్టు చెప్పేవాడు.

"కాదు పెద్దయ్యా, పప్పుకు."

ఆ పప్పు ఒక్క పొంగుకే ఉడికేది.